ఆకుపచ్చ గీత

సర్వే క్యాంపు,
మార్చి 4

వదినకి నమస్కారాలు.

ఆరేళ్ళ తర్వాత నా దస్తూరి చూసి కూడా ఇక్కడిదాకా చదివారంటే అది మీ పెద్ద మనసు. ఫోను చేద్దామనుకున్నాను. ఈ కొండ మీద ఫోను పలకదు. పలికినా మీరు ఎత్తుతారో లేదో అన్న అనుమానం ఒకటి.

మన పాత జీపు గురించి రాస్తున్నాను. అన్న నాలుగు అంగుళాలు పైకి లేపి, పెద్ద టైర్లు వేసి, పిల్లని ముస్తాబు చేసినట్టు చేసుకున్న బండి. అన్న పోయాక రేకులు సరిచేయించి ఐదేళ్ళు ఇంటి పక్కన పాకలో పెట్టాను. పోయిన ఏడాది ఈ సర్వే కంపెనీలో డ్రైవరు ఉద్యోగం వచ్చినప్పుడు బయటికి తీశాను. సొంత బండి ఉన్నవాడికే ఈ ఉద్యోగం. ఇన్నాళ్ళూ రాళ్ళలో, బురదలో ఇరవై కిలోమీటర్ల వేగం మీద నడిపాను, ఏ గొడవా లేదు. ఈమధ్య కొండ కిందికి కొత్త తారు రోడ్డు వేశారు. యాభై దాటాక ఏ చిన్న గుంతలో పడినా చాలు, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. రెండు చేతులతో పట్టుకున్నా ఆగదు.

ఇక్కడున్న ఒకే ఒక్క మెకానిక్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, పైకి లేపిన బండి అంతే అని చేతులు దులుపుకున్నాడు. మా సర్వే ఆఫీసరు పక్క సీట్లో ఉండగా ఒకసారి వణికింది. దిగి, సీజను అయ్యేలోగా బాగుచేయించకపోతే నువ్వూ నీ బండీ వేరే దారి చూసుకోండి అన్నాడు. అమ్మ నా దగ్గరే ఉంది. నా భార్య, మూడేళ్ళ బాబు. ఈ ఉద్యోగం పోతే నలుగురం ఎటు పోవాలో తెలియదు.

ముందు ఇరుసు సంగతి అన్న తర్వాత మీకే తెలుసు. అన్న ప్రతి బండికీ చేసిన పని రాసిపెట్టుకునే పుస్తకం మీ దగ్గరే ఉంది కదా. అందులో మన జీపు పేజీలు చూసి, ఎక్కడ తేడా ఉందో చెబితే చాలు.

పాప ఎలా ఉంది? అన్న ఆ రోజు పొద్దున్నే తాగి బండి తీయకపోయి ఉంటే నాకీ తిప్పలూ ఉండేవి కావు, మీకా రిపేరు షెడ్డు బరువూ ఉండేది కాదు. సరే, పోయినవాణ్ణి ఏమంటాం.

మీ మరిది


షెడ్డు,
మార్చి 15

మరిదికి,

కవరు చింపింది నేను కాదు, పాప. ఉత్తరాలు ఏవి వచ్చినా అదే చింపుతుంది. "బాబాయట, ఏదో పనిపడినట్టుంది" అని నా ముందు పడేసి వెళ్ళింది. పిల్లకి లోకజ్ఞానం బాగానే వస్తోంది.

షెడ్డు నడుస్తోంది. ముందు ఇరుసు, స్టీరింగ్ తప్ప ఇంకేమీ ముట్టుకోను. మొదట్లో బండి తెచ్చినవాళ్ళు "మెకానిక్ ఏడమ్మా" అని నా భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు. ఇప్పుడు చూడటం మానేశారు.

పుస్తకం షెడ్డు దాటి రాదు. చూసి చెబుతాను, కానీ మీ అన్న పద్ధతిలోనే. ఒకసారి ఒకటే మార్చు. వారం నడుపు. ఏమైందో రాయి. నాలుగూ ఒకేసారి మార్చినవాడికి బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. కొండ దిగి ఫోను చేసే ప్రయత్నం పెట్టుకోకు, ఎత్తను. నీ గొంతు వినే ఓపిక నాకు లేదు. పైగా రాసింది ఉంటుంది.

వణుకు చేతిలో ఉందా, సీటులో కూడా ఉందా? వేగం ఎంతకి తగ్గితే ఆగుతోంది? బ్రేకు వేస్తే మారుతోందా? ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేసి, బ్యాలెన్సింగ్ చేయించి నడుపు. ఇంకేదీ ముట్టుకోకు. ముఖ్యంగా కింద ఏ బోల్టూ విప్పకు.

పాపకి పదహారు నిండాయి. ఎత్తు మీ అన్నది, మొండితనం నాది. ఆలస్యంగా లేచినా, అబద్ధమాడినా "మీ నాన్న పోలిక" అంటాను. నా మీద ఒట్టేసి తాగుడు మానేసి, రెండేళ్ళు నన్ను నమ్మించి, చివరికి తాగి చచ్చిన మనిషిని పిల్లకి ఇంకెలా గుర్తు చేయమంటావు? దాని గదిలో ఆయన ఫోటో ఉండేది. పోయిన ఏడాది అదే తీసి అటక మీద పడేసింది. నేను వద్దనలేదు.

వదిన


సర్వే క్యాంపు,
మార్చి 29

వదినకి నమస్కారాలు.

మీ జవాబు చూసి ప్రాణం లేచివచ్చింది. తిట్టినా పర్వాలేదు, మీరు రాశారు.

మీరు అడిగినవి. వణుకు చేతిలోనే, సీటులో లేదు. యాభై, యాభై అయిదు మీద గుంతలో పడితే మొదలవుతుంది. ఇరవైకి తగ్గితే గానీ ఆగదు. ఆగాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. బ్రేకు వేసినా వేయకపోయినా ఒకటే. టైర్లు అటువి ఇటు మార్చాను, బ్యాలెన్సింగ్ కోసం కింద పట్నం దాకా వెళ్ళొచ్చాను. ఇసుమంత తేడా లేదు.

ఇలా ఒక్కొక్కటే మారుస్తూ, వారం నడిపి, ఉత్తరం రాసి, మీ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సీజను కాస్తా అయిపోతుంది వదినా. మీకు ఒక అంచనా అంటూ ఉంటుంది కదా. అది చెప్పేయకూడదూ? నా భార్య కింది ఊళ్ళో బడిలో టీచరు. రోజూ బాబుని తీసుకుని ఈ బండిలోనే నాతో దిగుతుంది. గుంత వచ్చినప్పుడల్లా బాబు "నాన్నా, బండికి చలేస్తోంది" అంటాడు. వాడికి నవ్వులాట. నేను బండి ఇరవైకి తెచ్చేస్తాను.

అమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది.

మీ మరిది


షెడ్డు,
ఏప్రిల్ 9

మరిదికి,

చిన్నప్పటి నుంచీ నీకు పానా కూడా ఎవరో చేతికి అందివ్వాలి. మీ అన్న అందించేవాడు. నేను అందివ్వను.

టైర్లు కావు, మంచిది. ఇక డాంపర్. స్టీరింగ్ రాడ్డుకి పక్కగా సన్నటి షాక్ లాంటిది ఉంటుంది చూడు, అది. దాని పని వణుకుని మింగేయడం. చాలామంది అక్కడ కొత్తది వేసుకుని రోగం కుదిరిందనుకుంటారు. రోగం కుదరదు, మూలుగు వినపడదు, అంతే. దాన్ని విప్పి పక్కన పెట్టు. అదే రోడ్డు మీద, అదే గుంతలోంచి, యాభై అయిదు మీద పోనివ్వు. అప్పుడు వణుకు ఎంతుందో అంతా తెలుస్తుంది. ఒక్కడివే వెళ్ళు. భార్యనీ బాబునీ ఎక్కించుకోకు.

ఇంకో సంగతి. మీ అన్న పోయిన ముందు రోజు నేనూ ఆయనా పాప బడికి వెళ్ళాం. మధ్యాహ్నం దాకా షెడ్డులో నువ్వొక్కడివే ఉన్నావు. ఆ రోజు జీపు మీద ఏం పని చేశావో కాస్త గుర్తు తెచ్చుకుని రాయి. పుస్తకంలో ఆ పేజీ మీద నూనె మరక పడింది, సరిగ్గా కనపడటం లేదు.

వదిన


సర్వే క్యాంపు,
ఏప్రిల్ 21

అక్కా, నమస్కారం. నేను మీ మరిది భార్యని. మనం ఎప్పుడూ చూసుకోలేదు. ఆయన రాయలేరు కాబట్టి చెబుతుంటే నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు.

వదినా, మీ మాట విన్నందుకు నా చేయి పోయింది. డాంపర్ తీసి యాభై అయిదు మీద ఆ గుంతలో పడగానే స్టీరింగ్ నా చేతుల్లోంచి గిర్రున తిరిగింది. లోపలి కమ్మీ తగిలి కుడి బొటనవేలు రెండు చోట్ల విరిగింది. బండి రోడ్డు దిగి గట్టు రాయికి కొట్టుకుని ఆగింది. ఇంకో మూర దాటి ఉంటే లోయలో ఉండేవాణ్ణి. ఆరు వారాలు కట్టు అన్నారు. డాంపర్ మళ్ళీ వేయించాను. ఎడమ చేత్తో గేరు మారుస్తూ, రెండు వేళ్ళతో స్టీరింగ్ పట్టుకుని నడుపుతున్నాను. ఆఫీసరుకి జారిపడ్డానని చెప్పాను.

ఇలా అవుతుందని మీకు తెలియదా? తెలిసే రాశారా?

ఆ ముందు రోజు ఏం చేశానని అడిగారు. ఏమీ చేయలేదు. ఇంజనులో నూనె మార్చాను, అంతే. ఆరేళ్ళ కిందటి నూనె సంగతి ఇప్పుడెందుకు? వణుకు సంగతి చెప్పండి.

మీ మరిది


షెడ్డు,
మే 1

మరిదికి, రాస్తున్న అమ్మాయికి కూడా,

లేపిన బండిలో బొటనవేళ్ళు స్టీరింగ్ లోపల పెట్టకూడదు, పైనే ఉంచాలి. మీ అన్న ఈ ముక్క షెడ్డు గోడ మీద సుద్దతో రాసేవాడు, చెరిగిపోతే మళ్ళీ రాసేవాడు. నువ్వు పదేళ్ళు ఆ గోడకే వీపు ఆనించి టీ తాగావు. నీకు తెలుసు కదా అని నేను రాయలేదు. మరిచిపోయాననుకో.

ఇప్పుడు చేయాల్సిన పరీక్షకి బండి నడపక్కర్లేదు. ఇంజను ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని కాస్త ఇటు, కాస్త అటు ఆడిస్తూ ఉండాలి. ఒకరు కింద పడుకుని టార్చి వేసి ప్రతి కీలూ చూడాలి. ఏది కదలకూడదో అది కదిలితే, అదే దొంగ. కట్టు కట్టిన చేత్తో నువ్వు కిందికి దూరలేవు. కాబట్టి నువ్వు తిప్పు, అమ్మాయి చూస్తుంది.

అమ్మాయీ, నీకు తెలియాల్సింది ఒకటుంది. మా షెడ్డులో బోల్టు పూర్తిగా బిగించాక, బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి బ్రష్షుతో ఒక గీత గీసేవాళ్ళం. బోల్టు వదులైతే గీత విరిగి కనపడుతుంది. ఎవరి రంగు వాళ్ళది. మీ బావగారిది పసుపు, మీ ఆయనది ఆకుపచ్చ. ఒకరి గీత ఉన్న బోల్టు మీద ఇంకొకరు పానా పెట్టకూడదని మీ బావగారి నియమం. పెడితే తోడి పనివాణ్ణి అనుమానించినట్టు అనేవాడు. ఏ బోల్టు మీద ఏ రంగు ఉందో, గీత నిలిచి ఉందో లేదో మొత్తం రాయి. ముఖ్యంగా అడ్డ రాడ్. ముందు ఇరుసు పక్కకి జరగకుండా ఒక కొస ఇరుసుకీ, ఇంకో కొస పైన ఛాసిస్‌కీ బిగించి ఉంటుంది.

వదిన


సర్వే క్యాంపు,
మే 12

వదినా,

మీరు చెప్పినట్టే చేశాం. నేను తిప్పాను, మా ఆవిడ కింద పడుకుని చూసింది. స్టీరింగ్ రాడ్డు రెండు కొసలూ పసుపు, గీత బాగుంది, కదలడం లేదు. చక్రాల దగ్గర కీళ్ళు నాలుగూ పసుపు, బాగున్నాయి. అడ్డ రాడ్ కింది కొస పసుపు, పై కొస పసుపు. గీతలన్నీ చెక్కుచెదరలేదు. ఏమీ కదలడం లేదు. కాబట్టి అడ్డ రాడ్ కాదు. స్టీరింగ్ బాక్స్ పాడై ఉంటుందని నాకు అనిపిస్తోంది. అది మారిస్తే సరిపోతుందా? ఒక్క మాట రాయండి. ఆఫీసరు జూన్ దాకా గడువిచ్చాడు, అదే ఆఖరు.

మీ మరిది

అక్కా, ఈ కింది నాలుగు ముక్కలూ నావి. కవరు అంటించేముందు రాస్తున్నాను, ఆయన చూడలేదు. అడ్డ రాడ్ పై కొస పసుపు కాదు, ఆకుపచ్చ. వెలిసిపోయింది గానీ ఆకుపచ్చే. గీత విరగలేదు, నిజమే. కానీ ఆయన స్టీరింగ్ ఆడించినప్పుడల్లా ఆ బోల్టు, గీతతో సహా, రంధ్రంలో అటూ ఇటూ జరుగుతోంది. నా చిటికెన వేలి గోరు పట్టేంత సందు ఉంది. "ఇక్కడ ఆకుపచ్చ, ఇదే కదులుతోంది" అని కింద నుంచి చెప్పాను. ఆయన తిప్పడం ఆపేశారు. తర్వాత పసుపు అని రాయమన్నారు. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, నాకు పసుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలుసు. ఎందుకు అబద్ధం రాయమన్నారో తెలియడం లేదు. మీకు తెలిస్తే నా బడి చిరునామాకి రాయండి.


షెడ్డు,
మే 22

మరిదికి,

పేజీ మీద నూనె మరకేమీ లేదు. అద్దంలా కనపడుతోంది. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే తీసి చూశాను. మీ అన్న దస్తూరిలోనే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"జీపు. అడ్డ రాడ్ తమ్ముడు విప్పి, రబ్బరు బుష్‌లు మార్చి బిగించాడు. పై కొస ఆకుపచ్చ గీత చూశాను. పట్టి చూడలేదు. రేపు పొద్దున నడిపి చూడాలి."

ఆ పుస్తకంలో ఆయన రాసిన ఆఖరి ముక్క అది. ఆ మర్నాడు పొద్దున్నే నడిపి చూశాడు.

నూనె మార్చానన్నావు. పుస్తకం అడ్డ రాడ్ అంటోంది. పసుపు అన్నావు. పుస్తకం ఆకుపచ్చ అంటోంది. నీకు రంగులు కనపడకపోతే డ్రైవరు ఉద్యోగం ఎలా ఇచ్చారో.

ఇంకోటి చెబుతాను విను. ఆయన పోయిన నెలకి షెడ్డు నా చేతికి వచ్చింది. మొదటిసారి ఊడ్చినప్పుడు ప్రెస్సు మిషను కింద ఒక బోల్టు దొరికింది. పద్నాలుగు సైజుది, పొడుగుది, కొత్తది. ఎవరిదో తెలియక రేకు డబ్బాలో పడేశాను. నీ ఉత్తరం వచ్చాక ఆ డబ్బా బోర్లించి వెతికాను. ఆ పొడుగు బోల్టు మన షెడ్డులో ఒక్క బండికే పడుతుంది. పైకి లేపిన జీపుకి అడ్డ రాడ్ పై కొసకి వేయడానికి మీ అన్న ప్రత్యేకంగా తెప్పించినది. అది ఆరేళ్ళుగా నా డబ్బాలో ఉంటే, నీ బండికి ఆకుపచ్చ గీత కింద ఉన్నదేమిటి?

రోగం నాకు తెలుసు, మందూ తెలుసు. రాయను. ముందు నువ్వు రాయాలి. ఆ ముందు రోజు ఏం చేశావో, ఆ పొద్దున ఏం చూశావో, ఆయన పక్కన దొరికిన సీసా ఎక్కడిదో, అన్నీ. భార్య చేత రాయించకు. ఎడమ చేత్తో రాయి, వంకరగా ఉన్నా చదువుకుంటాం. పాప దాన్ని నీ దస్తూరిలోనే చూడాలి.

అప్పటిదాకా ఆ బండి ఎక్కవద్దని నీకు చెబుతానేమో అనుకోకు. చెప్పను.

వదిన


సర్వే క్యాంపు,
జూన్ 3

వదినా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, కట్టు ఇంకా విప్పలేదు. రెండు రోజుల నుంచి రాస్తున్నాను.

ఆ రోజు అడ్డ రాడ్ బిగిస్తుంటే బోల్టు చేతిలోంచి జారి దొర్లిపోయింది. వెతికాను. నిజంగా వెతికాను. ప్రెస్సు కింద దాకా చూడలేదు. ఆకలేస్తోంది. అక్కడ పన్నెండు సైజుది ఒకటి ఉంటే రెండు వాషర్లు వేసి బిగించాను. తిన్నాక వచ్చి మార్చాలనుకున్నాను. గీత పెట్టకుండా వదిలేస్తే అన్న వచ్చి అడుగుతాడని గీత పెట్టేశాను. తిన్నాక మరిచిపోయాను. ఇంతే వదినా. తిండి దగ్గర మరిచిపోయాను.

పొద్దున అన్న వెనకే నేను స్కూటరు మీద వెళ్ళాను. మలుపు దాటేసరికి జీపు కాలవలో బోర్లా పడి ఉంది. అన్న సీట్లో ఇరుక్కుని ఉన్నాడు. మాట్లాడాడు. "స్టీరింగ్ చేతిలో నిలవలేదురా, ఏమైందో చూడు" అన్నాడు. చూడమన్నప్పుడే నాకు బోల్టు గుర్తొచ్చింది. అక్కడ ఇంకెవరూ లేరు. మనుషుల్ని పిలుస్తానని చెప్పి ఇంటికి వెళ్ళాను. అమ్మతో అన్న పోయాడని చెప్పాను. అప్పటికి పోలేదు. బోల్టు సంగతీ చెప్పాను. అమ్మ కాసేపు గోడకి తల ఆనించుకుని, "ఒకడు పోయాడు, నిన్ను కూడా పోగొట్టుకోమంటావా" అంది. మోకాళ్ళకి రుద్దుకునే బ్రాందీ సీసా తీసి చేతిలో పెట్టింది. ఒకప్పుడు తాగేవాడే కదా, ఎవరూ అనుమానించరు అంది. నేను తిరిగి వెళ్ళేసరికి అన్న నిజంగానే పోయాడు. చొక్కా మీద పోసి, సీసా పక్కన పడేశాను. తర్వాత మనుషుల్ని పిలిచాను.

తొందరగా పిలిచి ఉంటే బతికేవాడా? నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు, ఎవరిని అడగను?

ఆ బోల్టు ఇంకా అక్కడే ఉందని నాకు తెలుసు. రేకులు బాగుచేసినవాడు దాన్ని ముట్టుకోలేదు. విప్పే ధైర్యం నాకు లేదు. ఈ వణుకు ఇంకెందువల్లో అయితే బాగుండు, మీరు టైర్లనో బాక్స్ అనో చెబితే బాగుండు అనే మీకు రాశాను. మీరు చెబితే నమ్ముదామనుకున్నాను.

రాయమన్నది రాశాను. పాపకి మాత్రం చూపించకండి. మిమ్మల్ని వేడుకుంటున్నాను. నా భార్య వారంగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఎందుకో తెలియదు. ఇరవయ్యో తేదీన ఆఫీసరు బండి నడిపి చూస్తాడు. మందు రాయండి వదినా.


షెడ్డు,
జూన్ 12

మరిదికి,

ముందు మందు. పన్నెండు బోల్టు తీసేయి. దాని ఊగులాటకి రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది, ఇప్పుడు పద్నాలుగు వేసినా ఆగదు. ఆ బ్రాకెట్ కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించు. పద్నాలుగు బోల్టు వేయి. జాకీ మీద కాదు, చక్రాలు నేల మీద ఉండగా బిగించు. వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ పానా పెట్టి చూడు. వెల్డింగ్ తెలిసినవాడికి ఒక్క పూట పని. ఇరవయ్యో తేదీకి అందుకుంటావు. ఉద్యోగం చేసుకో. నువ్వు బాగుండాలి, చాలా ఏళ్ళు ఉండాలి, ప్రతి పొద్దునా ఆ సీట్లోనే కూర్చోవాలి.

నీ మొదటి ఉత్తరంలో గుంత అన్న మాట దగ్గరే రోగం తెలిసింది. లేపిన బండి, గుంత, యాభై, వణుకు అంటే ఏ మెకానిక్ అయినా ముందు అడ్డ రాడ్ పట్టి చూస్తాడు. మూడు నెలలు నిన్ను ఊరికే తిప్పాను. బొటనవేళ్ళ సంగతి మరిచిపోయి కాదు, కావాలనే రాయలేదు. విరిగిందని చదివిన రోజు కడుపునిండా తిన్నాను.

నీ భార్య ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. ఆ బండి ఎక్కవద్దని, బాబుని ఎక్కించవద్దని పోయిన నెలలోనే ఆ అమ్మాయికి విడిగా రాశాను. అప్పటినుంచి పిల్లాణ్ణి చంకనేసుకుని నడిచి దిగుతోందట. నీ పక్క సీటు ఖాళీగా ఉన్న సంగతి నువ్వు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. గమనించావో లేదో. ఈ ఉత్తరం నకలు ఆ అమ్మాయికీ పంపుతున్నాను. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగానని చెప్పు.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ మిగిలింది రాయడానికి నాకు వేరే మనిషి లేదు.

నీ ఉత్తరం ఎప్పటిలాగే పాపే చింపింది. గుమ్మంలో నిలబడి మొత్తం చదివింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని దాని మొహమే చూస్తున్నాను. ఆరేళ్ళుగా మోసినది ఈ పూటతో దిగిపోతుందని, అది వచ్చి నా మెడ చుట్టూ చేతులేసి ఏడుస్తుందని అనుకున్నాను. మీ నాన్న తాగలేదు, ఒట్టు తప్పలేదు అని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

అది ఏడవలేదు. కాగితం మడిచి, "నాన్నని ఇంటికి తెచ్చినప్పుడు నువ్వు దగ్గర లేవా?" అని అడిగింది.

ఉన్నాను. ఆయన మొహం మీద మొహం పెట్టి పడి ఉన్నాను. నీకు ఇది ఎప్పుడూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చొక్కా గుప్పుమంది. నోరు వాసన రాలేదు. తాగిన మనిషితో ఎనిమిదేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తేడా తెలియదా? ఆ క్షణంలో తెలిసింది. అప్పుడే నువ్వు వచ్చి "వద్దంటే వినలేదు వదినా" అని బావురుమన్నావు. నిన్ను నమ్మాను. కోపంగా ఉండటం ఏడవడం కంటే సులువనిపించింది.

పాపకి అబద్ధం చెప్పలేక ఇదంతా చెప్పాను. అది విని, "బాబాయి ఒక్కసారి చెప్పాడు. నువ్వు రోజూ చెప్పావు" అంది. గొంతు కూడా పెంచలేదు. అటక ఎక్కి ఫోటో దించుకుంది. షెడ్డులోకి వెళ్ళి పుస్తకమూ, డబ్బాలోంచి ఆ బోల్టూ తీసుకుని తన గదిలో పెట్టుకుని తాళం వేసింది. పద్నాలుగు బోల్టు నీకు పంపుదామనుకున్నాను. ఇక నువ్వే కొనుక్కో.

ఇవాళ పొద్దున ఒక పాత కస్టమరు బండి తెచ్చాడు. ముందు ఇరుసు మీ అన్న చేసినదే. ఏ సైజులు వేశాడో తెలియాలంటే పుస్తకం చూడాలి. దాని గది తలుపు కొట్టి అడిగాను. లోపల ఉండి కూడా పలకలేదు. బండి షెడ్డులోనే ఉంది. కస్టమరు సాయంత్రం వస్తానన్నాడు. మళ్ళీ వెళ్ళి అడగాలి.

వదిన